గుర్రం తిందా

మా ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే
ఎవరో ఒకరు అడుగుతారు: గుర్రం తిందా?
గుర్రం లేదు. మా నాన్న పుట్టేసరికే లేదు,
ఆయన తాత పుట్టేసరికీ లేదు.
అడక్కపోతే మాత్రం ముద్ద దిగదు.

ఆ గుర్రం ముఖలింగపాత్రుడిది.
నాగావళి ఒడ్డున మూడూళ్ళ మొఖాసా,
నెత్తిన జరీ తలపాగా,
నడుముకి రాజుగారిచ్చిన పట్టాకత్తి.
కత్తిలో ఇనుము కంటే పిడి మీద బంగారమే ఎక్కువని
మా వాళ్ళు గుసగుసలాడేవారట.
మేము ఆ గుర్రానికి గడ్డి కోసినవాళ్ళం.
అందుకే ఆయన కథ నాకు
డెక్కల వైపు నుంచి తెలుసు.

పదహారో ఏట విజయనగరం కోటకి వెళ్ళాడు.
గుమ్మంలో చెప్పులు విడిచి
కత్తి రాజు పాదాల దగ్గర పెట్టి
"ఈ ఒంట్లో ఉప్పు తమరిది" అన్నాడు.
ఆ ఒక్క మాట పూర్తవడానికి
నలభై ఏళ్ళు పట్టింది.

సాలూరు కొండల మీదికి పొమ్మంటే పోయాడు.
కోనాడ రేవులో ఉప్పుకొఠార్లు కాయమంటే కాశాడు,
పెళ్ళయిన పదకొండో రోజున.
శిస్తు కట్టని ఊరొకటి తగలబెట్టమన్నారు.
అది సొంత బావమరిది ఊరు.
రాత్రంతా గుర్రం పక్కన కూర్చున్నాడు.
తెల్లారి తగలబెట్టాడు.
ఆయన వంశం వాళ్ళు ఈ సంగతి చెప్పరు.
మేం చెబుతాం,
ఆ రాత్రి ఆ పక్కనే కూర్చున్నది మా పోలిగాడు కనక.

రౌతు మెత్తనైతే గుర్రం
మూడు కాళ్ళ మీద నడుస్తాదంటారు గదా,
మరి రౌతే గుర్రమైతే బాబూ?
పోలిగాడు అడిగేశాడట.
పాత్రుడు నవ్వలేదు, కొట్టలేదు.
"ముందు దానికి ఉలవలు పెట్టు.
అది తిన్నాక నేను.
నేను తిన్నాక నీ ప్రశ్న."

ఆఖరి యుద్ధం ఎవరి మీదో
మా వాళ్ళకి సరిగ్గా గుర్తులేదు.
ఫిరంగులొచ్చాయనీ,
చంపావతి ఇసకలో గుర్రం కూలిపోయిందనీ గుర్తు.
మూడో నాడు పాత్రుడు నడిచొచ్చాడు,
జీను తన భుజాన వేసుకుని,
ఎడమచేతికి రెండు వేళ్ళు లేకుండా.
వాకిట్లో నిలబడి
భార్యని కాదు, కొడుకుల్ని కాదు,
పోలిగాడిని పిలిచాడు.
"తప్పయిపోయిందిరా" అన్నాడు.
కాలిన ఊరి దగ్గర కూడా అనని మాట అది.

గుర్రం ఖరీదు ఇప్పించమని కోటకి అర్జీ పెట్టాడు.
ఏటా దసరా దర్బారుకి
జీను మోసుకెళ్ళి వెనక వరసలో కూర్చునేవాడు,
తాంబూలం పుచ్చుకుని
జీను మోసుకుని వచ్చేవాడు.
ఇంతలో రాజు పోయాడు. కొత్త రాజు పసివాడు.
దివాన్జీ లెక్కల మనిషి,
గుర్రం లేని రౌతుకి మొఖాసా ఎందుకని
మూడూళ్ళలో రెండు కలిపేసుకున్నాడు.

మా నాయనమ్మ ఇక్కడ ఆగేది.
"అయినా ఆ బాబు రాజుని ఒక్క మాట అన్నేదు" అనేది.
మెచ్చుకోలో ఎగతాళో
ఆ పళ్ళులేని నోట్లో తేలేది కాదు.

మంచం పట్టాక పాత్రుడు
మిగిలిన మూడు వేళ్ళతో గాలిని దువ్వేవాడట.
గంజి తెస్తే మూతి తిప్పుకుని
గుర్రం తిందా, అనేవాడు.
పోలిగాడు ఖాళీ పాకలోకి వెళ్ళి
తొట్టిలో గుప్పెడు ఉలవలు గలగలలాడించి
కాసేపు నిలబడి
వచ్చి చెప్పేవాడు: "తిన్నాది బాబూ."
ఆ అబద్ధం మీద ఆయన
ఇంకో వానాకాలం బతికాడు.

నిన్న రాత్రి మా మనవరాలు
చెయ్యి కంచంలో పెట్టబోయి ఆగి అడిగింది.
నేను లేచాను.
వాకిట్లో చీకటి, చూరు నుంచి నీళ్ళు.
నిలబడవలసినంతసేపు నిలబడి
లోపలికొచ్చి చెప్పాను,
తిన్నాది. నువ్వు తినమ్మా.